మూడుతో హెచ్చవేయుట

బ్యాంకాక్‌లో పొదుపుగా తిరగాలనుకునే తెలుగువాడికి పాస్‌పోర్టు కన్నా ముందు కావాల్సింది మూడో ఎక్కం. అక్కడి డబ్బైన బాట్ విలువ మూడు రూపాయలకి కాస్త తక్కువే. అయినా సరే మూడుతోనే హెచ్చవేయాలి. లెక్క సులువు, బాధ ఎక్కువ. బాధ ఎంత పెరిగితే పర్సు అంత ఆలస్యంగా బయటికొస్తుంది. ఈ సిద్ధాంతకర్త మా బావమరిది. నేను శిష్యుణ్ణి మాత్రమే.

విమానాశ్రయం పేరు సువర్ణభూమి. పేరులోనే బంగారం ఉంది కాబట్టి అక్కడ మంచినీళ్లు కూడా కొననివ్వలేదు. బస ఖావో సాన్ రోడ్డులో. ఆ మాటకి అర్థం బియ్యం. "బియ్యం అమ్మిన వీధి బావా, ఖరీదేం ఉంటుంది!" అన్నాడు. ఆ వీధిలో ఇప్పుడు బార్లున్నాయి. తెల్లవార్లూ వాటి స్పీకర్లు మా మంచాల్ని ఊపాయి. ఆ రకంగా మేమిచ్చిన అద్దెలో ఒక్క నిమిషం కూడా నిద్రలో వృథా కాలేదు.

పొద్దున్నే రాజభవనానికి బయల్దేరాం. 1782లో మొదటి రాముడు కట్టడం మొదలుపెట్టిన భవనం. ఆ రాజవంశంలో రాజులందరినీ రాముడనే పిలుస్తారు, వరసకో అంకె. టికెట్ థాయ్ వాళ్లకి ఉచితం, మనకి 500 బాట్లు. లోపలున్న పచ్చ బుద్ధుడి ఎత్తు 66 సెంటీమీటర్లు. మా వాడు గేటు ముందే నిలబడి ఫోన్‌లో లెక్కకట్టాడు. సెంటీమీటరుకి దాదాపు 23 రూపాయలు! పక్కనే వాట్ ఫో గుడిలో పడుకున్న బుద్ధుడు 46 మీటర్లు, టికెట్ 300. సెంటీమీటరుకి 20 పైసలు కూడా పడదు. భక్తిని కొలవడానికి ఇంతకన్నా న్యాయమైన పద్ధతి నాకు తెలియదు. పైగా ఆ పచ్చ బుద్ధుడు నిజానికి మరకతం కూడా కాదు, వేరే ఏదో ఆకుపచ్చ రాయి.

కానీ లోపలి గోడల మీద రామాయణం ఉంది. 178 చిత్రాలు. అది చూడకుండా వెళ్తే ఇంటి దగ్గర అమ్మ ఊరుకోదని నేను నసిగాను. "మన రాముణ్ణి చూడ్డానికి మనమే డబ్బు కట్టాలా? పైగా వీళ్ల రామాయణంలో హనుమంతుడు బ్రహ్మచారి కాదు, మత్స్యకన్యతో ప్రేమాయణం కూడా ఉంది. అలాంటి ఆంజనేయుణ్ణి చూడ్డానికి పదిహేను వందలా బావా?" అన్నాడు. ధర్మమూ పొదుపూ ఒకే మాట మీద నిలబడటం చరిత్రలో అరుదు. నాకు నోట మాట రాలేదు.

సరిగ్గా అప్పుడే ప్రత్యక్షమయ్యాడు టుక్‌టుక్ ఆయన, అంటే అక్కడి ఆటోవాలా. ప్యాలెస్ ఇవాళ మూసేశారట, ఏదో పండగట. ఊరంతా తిప్పి చూపిస్తాడట, 20 బాట్లే. ఇది లోకప్రసిద్ధమైన మోసమని మా వాడు ఇండియాలోనే చదివాడు, నాకు చదివి వినిపించాడు కూడా. కానీ 20ని మూడుతో హెచ్చవేస్తే 60. ఆ 60 ముందు ఏ చదువు నిలుస్తుంది?

ఊరంటే మొదట రత్నాల కొట్టు. రత్నాల వైపు మేం కన్నెత్తి చూడలేదు. వాళ్లిచ్చిన కూల్‌డ్రింకు తాగి, ఏసీలో గంటసేపు కూర్చున్నాం. ఆ కరెంటు ఖర్చు కూడా మన లాభం కిందే రాసుకోవాలట. తర్వాత టైలర్ షాపు. అక్కడ కొబ్బరిబోండాం ఇచ్చారు. తెలుగువాడి మొహమాటం సంగతి వాళ్లకెవరు చెప్పారో! బోండాం సగంలో ఉండగా మా వాడి మెడకి పట్టు టై కట్టేశారు. వాడు పెళ్లికి కూడా టై కట్టలేదు. 900 బాట్లు ఇచ్చాడు. ఆ ఒక్కసారి మాత్రం ఎక్కం చదవలేదు.

వాట్ అరుణ్ గుడిని మాత్రం నదికి ఇవతలి ఒడ్డున నిలబడి ఉచితంగా చూశాం. నది దాటడానికి పడవకి ఐదు బాట్లే, కానీ అవతల 200 టికెట్ కాచుకుని ఉంటుంది. లుంపినీ పార్కులో ఉడుముల్ని చూడ్డానికి పైసా అక్కర్లేదన్నారు, అది రేపటికి పెట్టుకున్నాం.

తిరిగి రాజభవనం గేటుకొచ్చేసరికి నాలుగు కావస్తోంది. మూడున్నరకే టికెట్లు ఆపేస్తారు. కాపలా మనిషి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"చూశావా బావా," అన్నాడు మా వాడు టై సర్దుకుంటూ, "పాపం ఆ టుక్‌టుక్ ఆయన నిజమే చెప్పాడు."