‘ఫారిన్ టూర్’ ఫార్వర్డ్‌కి ఒక పాత సెయిలర్ జవాబు

యాప్రాల్‌లో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మామూలుగా వాటర్ ట్యాంకర్, లిఫ్ట్ రిపేరు, బోనాల చందా తప్ప ఇంకో మాట ఉండదు. వారం నుంచి మాత్రం నేవీ మీద పడ్డారు. తిరుగుతున్న ఫార్వర్డ్ సారాంశం ఇది: మన యుద్ధనౌకలు ‘గుడ్‌విల్ విజిట్’, అంటే స్నేహపూర్వక పర్యటన, పేరుతో దేశదేశాలు పోయేది విహారానికేనట. ఓడ ఆగగానే అందరూ దిగిపోయి తాగి తందనాలాడతారట. ఓడ ఎక్కడున్నా భారత భూమే కనుక వాళ్ళని అక్కడి పోలీసులు ముట్టుకోలేరట. ఒక్క టూరు ఖర్చుతో పేట్లబుర్జు ఆసుపత్రి లాంటిది ఇంకోటి కట్టొచ్చట. కింద సాక్ష్యంగా ఒక ఫొటో.

నేను 15 ఏళ్ళు నేవీలో ఎలక్ట్రికల్ సెయిలర్‌గా చేసి బయటికొచ్చినవాణ్ణి. మా అక్క కొడుకు ఆ మెసేజ్ నాకు పంపి, “మామా, గిది నిజమేనా? గిన్నేండ్లు నువ్వు చేసింది గిదేనా?” అన్నాడు. వాడు నవ్వులాటకే అడిగాడు గానీ నాకు కాలింది. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్తున్నాను.

ముందు విహారం సంగతి. 2008 అక్టోబరు నుంచి సముద్రపు దొంగల మీద కాపలాకి గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మన యుద్ధనౌకలు వంతులవారీగా ఉంటున్నాయి. అక్కడున్న ఓడకి నూనె కావాలి, కూరగాయలు కావాలి, చెడిపోయిన పంపుకి పార్టు కావాలి. మంచినీళ్ళంటే సముద్రపు నీళ్ళలోంచి మేమే చేసుకుంటాం, టమాటాలు చేసుకోలేం కదా. ప్రతిసారీ ముంబై వచ్చిపోతే కాపలా కాసే రోజులకంటే దారిలో పోయే రోజులే ఎక్కువవుతాయి. అందుకే ఒమన్‌లోని సలాలాకో, జిబూతీకో పోతారు.

గుడ్‌విల్ విజిట్ వేరే కదా అంటారా? సరే, 2006 జూలై చూడండి. ఐఎన్‌ఎస్ ముంబై, బ్రహ్మపుత్ర, బెత్వా, శక్తి అనే నాలుగు ఓడలు మధ్యధరా సముద్రంలో సరిగ్గా అలాంటి విజిట్లు ముగించుకుని ఇంటిదారి పట్టాయి. లెబనాన్‌లో యుద్ధం మొదలైంది. వాటిని వెనక్కి తిప్పి బీరూట్ పంపారు. మొత్తం 2,280 మందిని బీరూట్‌లో ఎక్కించుకుని సైప్రస్‌లోని లార్నకాకి చేర్చారు. వాళ్ళలో మనవాళ్ళతో పాటు శ్రీలంక, నేపాల్ వాళ్ళూ ఉన్నారు. దానికి ‘ఆపరేషన్ సుకూన్’ అని పేరు. ఆ నాలుగు ఓడలూ ‘టూరు’ మానేసి ముంబైలో తాళ్ళతో కట్టేసి ఉంటే, బీరూట్ చేరేసరికి ఎన్ని రోజులయ్యేదో మ్యాప్ తీసి చూసుకోండి. 2015లో యెమెన్ గొడవప్పుడూ అంతే. సముద్రపు దొంగల కాపలాలో ఉన్న ఐఎన్‌ఎస్ సుమిత్రని ఏడెన్‌కి మళ్ళిస్తే, మొదటి విడతలో 349 మందిని ఎక్కించుకుని జిబూతీలో దించింది. ముందునుంచీ మన ఓడలు వచ్చిపోతున్న రేవు కాబట్టే ఆ పని అంత త్వరగా అయింది.

ఇంకోటి. మన హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ అమ్మాయి స్వాతి పాతర్లపల్లితో సహా ఆరుగురు మహిళా ఆఫీసర్లు 2017-18లో ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో భూమి చుట్టి వచ్చారు. మొత్తం 254 రోజులు. అనుకున్న మజిలీలు నాలుగే. అయిదోది మారిషస్‌లో అనుకోకుండా ఆగాల్సి వచ్చింది, స్టీరింగ్ చెడిపోయి. దాన్ని విహారం అనేవాళ్ళు ఒకసారి హుస్సేన్ సాగర్‌లో గాలి వీస్తున్నప్పుడు చిన్న పడవైనా నడిపి చూడాలి.

‘ఓడ ఆగగానే అందరూ దిగిపోతారు’ అన్నదానికి వస్తాను. ఇది రాసినవాళ్ళు ఓడని బస్సు అనుకున్నట్టున్నారు. యుద్ధనౌక ఖాళీగా ఉండదు. రేవులో కట్టి ఉన్నా డ్యూటీ వాచ్ అని ఒక భాగం సిబ్బంది ఎప్పుడూ ఓడమీదే ఉండాలి. మంట లేచినా, నీళ్ళు చేరినా, ఇంకేమైనా వాళ్ళే చూసుకోవాలి. ఆ ‘ఇంకేమైనా’ ఏమిటో 2000 అక్టోబరు 12న ఏడెన్‌లో తెలిసింది. నూనె నింపుకుంటున్న అమెరికన్ యుద్ధనౌక కోల్ పక్కకి పేలుడు పదార్థాలు నింపిన చిన్న పడవ ఒకటి వచ్చి పేలింది. 17 మంది నావికులు పోయారు. నడిసముద్రంలో ఆ ఓడ దగ్గరికి అంత తేలిగ్గా ఎవరూ రాలేరు. రేవులో రాగలిగారు.

నా మస్కట్ విహారం కూడా చెప్తాను. మొదటిరోజు నాది డ్యూటీ. ఓడ కట్టగానే ఎలక్ట్రికల్ వాళ్ళకి పడే మొదటి పని షోర్ సప్లై, అంటే జెట్టీ మీది కరెంటుని ఓడకి కలపడం. చెయ్యంత లావు కేబుళ్ళు. ఎండకి జెట్టీ పెనంలా ఉంది. ఆ కేబుళ్ళని మనుషులమే భుజాల మీద లాగి, బాక్సులో బిగించి, వోల్టేజీ చూసి, ఫేజ్ సీక్వెన్స్ చూసి, అప్పుడు గానీ ఓడ జనరేటర్ ఆపకూడదు. ఫేజ్ తారుమారైతే పంపులన్నీ ఉల్టా తిరుగుతాయి. మన కాలనీలో ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన రోజు అందరి బోరు మోటర్లూ ఉల్టా తిరిగాయి చూడండి, అదే. ఆరోజు నేను మస్కట్‌లో చూసింది ఆ బాక్సు, రెండు కొండలు.

రెండోరోజు నాకు లిబర్టీ, అంటే ఓడ దిగి ఊళ్ళో తిరిగే సెలవు, దొరికింది. మైకులో పిలుపు రాగానే గ్యాంగ్‌వే దగ్గర ఫాలిన్, అంటే వరసలో నిలబడాలి. గడ్డం, బూట్లు, ఇస్త్రీ అన్నీ చూస్తారు. ఎక్కడికి పోకూడదో చెప్తారు, ఒంటరిగా తిరగొద్దంటారు, ఇన్ని గంటలకల్లా వెనక్కి రావాలంటారు. నేనూ ఇంకో ముగ్గురమూ మత్రా బజారుకి పోయాం. పోయి ఏం చేశాం? ఫోన్ కార్డు కొన్నాం. సెల్లులు లేని కాలం. నల్గొండ జిల్లాలో మా ఊళ్ళో ఫోను పక్కింటి వాళ్ళకే ఉండేది. నేను చేసేసరికి మా అమ్మ పొలం పోయింది. పక్కింటి పెద్దమ్మ “ఉండు బిడ్డా, పిలుస్తా” అని రిసీవర్ పక్కన పెట్టి పోయింది. కార్డులో డబ్బులు కరిగిపోతుంటే నేను వాళ్ళింటి కోడి అరుపులు వింటూ నిలబడ్డాను. అమ్మ వచ్చి “తిన్నవా?” అంది. తిన్నానే అన్నాను. కార్డు అయిపోయింది. అరకిలో ఖర్జూరాలు కొనుక్కుని టైముకంటే గంట ముందే ఓడెక్కాను. ఆలస్యమైతే ‘అడ్రిఫ్ట్’ రాస్తారు, తర్వాతి రేవులో లిబర్టీ గోవిందా.

ఇక చట్టం. అందరికీ నిజమనిపించేది ఇదే, బాగా తప్పు కూడా ఇదే. ‘యుద్ధనౌక ఎక్కడున్నా భారత భూమే’ అన్నది సినిమా డైలాగుకి పనికొస్తుంది. నానక్‌రామ్‌గూడలో అమెరికన్ కాన్సులేట్ ఉంది. వీసా కోసం పొద్దున్నే ఫైళ్ళు పట్టుకుని నిలబడేవాళ్ళలో చాలామంది ఆ గోడ లోపల అమెరికా అనుకుంటారు. కాదు, అది తెలంగాణ నేలే. కాకపోతే అనుమతి లేకుండా మన పోలీసులు లోపలికి పోయి సోదా చేయలేరు, అంతే. ఓడ సంగతీ దాదాపు ఇంతే. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం యుద్ధనౌకలకి ఈ రక్షణ ఇచ్చింది. ఇంకా వెనక్కి పోతే 1812లోనే అమెరికా సుప్రీంకోర్టు ఒక ఫ్రెంచి ఓడ కేసులో ఇదే చెప్పింది. కానీ ఆ ఒప్పందంలోనే ఇంకో మాట కూడా ఉంది: యుద్ధనౌక తీరదేశపు నియమాలు పాటించక, చెప్పినా వినకపోతే ‘వెంటనే మా జలాలు వదిలి పో’ అని ఆ దేశం అనొచ్చు.

అదీ ఓడకి. ఓడ దిగి, డ్యూటీ లేకుండా, బజార్లో చాయ్ తాగుతున్న సెయిలర్‌కి ఆ రక్షణ వెంట రాదు. 2012 అక్టోబరులో జపాన్‌లోని ఒకినావాలో ఇద్దరు అమెరికన్ నావికులు ఒక మహిళ మీద అత్యాచారం చేశారు. వాళ్ళని విచారించింది జపాన్ కోర్టే. తర్వాతి ఏడాది మార్చిలో ఒకడికి 10 ఏళ్ళు, ఇంకొకడికి 9 ఏళ్ళు శిక్ష వేసింది. ఆ ఘటన తర్వాత జపాన్‌లో ఉన్న అమెరికన్ బలగాలందరికీ రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా కర్ఫ్యూ పెట్టారు. 2014లో ఫిలిప్పీన్స్‌లోని ఒలొంగాపోలో, ఓడ రేవులో ఉండగా లిబర్టీకి దిగిన ఒక అమెరికన్ మెరీన్, అంటే నేవీతో కలిసి పనిచేసే సైనికుడు, ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని చంపితే, అక్కడి కోర్టే 2015 డిసెంబరులో దోషి అంది. 2020లో ఆ దేశాధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టి పంపేశాడు. పెద్ద దేశం చేతిలో ఒప్పందాలు, ఒత్తిళ్ళు ఉంటాయి, పూర్తి న్యాయం జరిగిందని నేననను. కానీ ‘పోలీసులు ముట్టుకోలేరు’ అన్నది మాత్రం అబద్ధం.

ఈ మాట గ్రూపులో రాయగానే మూడో అంతస్తు పెద్దాయన “మరి కేరళలో మన జాలర్లని కాల్చిన ఇటలీవాళ్ళ సంగతేంటండీ?” అన్నారు. మంచి ప్రశ్న. 2012 ఫిబ్రవరిలో జరిగింది అది. ఆ ఇద్దరు మెరీన్లు లిబర్టీలో లేరు. ఒక ఇటాలియన్ ఆయిల్ ట్యాంకర్ మీద కాపలా డ్యూటీలో ఉండి కాల్చారు. అంతర్జాతీయ ట్రైబ్యునల్ 2020లో వాళ్ళకి రక్షణ ఉందన్నది అందుకే, ప్రభుత్వ డ్యూటీలో ఉన్నారని. నష్టపరిహారం మాత్రం ఇవ్వాల్సిందే అంది. ఇటలీ 10 కోట్లు కట్టాక 2021 జూన్‌లో మన సుప్రీంకోర్టు ఆ కేసు మూసింది. ఆ తీర్పు మీద నాకూ కోపమే. కానీ మందు కొట్టి బజార్లో కొట్లాడినవాడికి ఆ తీర్పు గొడుగు పట్టదు.

మన సెయిలర్‌కైతే ఇంకో తాడు కూడా ఉంటుంది. నేవీ యాక్ట్, 1957. భూమ్మీద ఎక్కడున్నా అది మా మెడలోనే. అక్కడి పోలీసులు వదిలేసినా, ఓడెక్కాక కెప్టెన్ ముందు టోపీ తీసి నిలబడాలి.

ఎక్కడికి పడితే అక్కడికి పోవడమూ కుదరదు. ఓడ రావాలంటే నెలల ముందే ఎంబసీ ద్వారా అడగాలి, తలుపు అవతలివాళ్ళది. 2007 నవంబరులో అమెరికన్ విమానవాహక నౌక కిటీ హాక్‌ని థ్యాంక్స్‌గివింగ్ పండక్కి హాంకాంగ్ రానివ్వబోమని చైనా చివరి నిమిషంలో అంది. నావికుల పెళ్ళాం పిల్లలు అప్పటికే విమానాల్లో హాంకాంగ్ చేరి ఉన్నారు. తర్వాత చైనా సరే రమ్మంది, కానీ ఓడ అప్పటికే జపాన్ దారి పట్టింది. అంత పెద్ద నేవీకే ఇది. మనవైపు నుంచి చూసినా అంతే. 2016లో విశాఖలో ఫ్లీట్ రివ్యూ అనే యుద్ధనౌకల కవాతుకి, 2024లో మిలన్ విన్యాసాలకి దాదాపు 50 దేశాల నేవీలు వచ్చాయి. అప్పుడు ఆర్కే బీచ్‌లో తిరిగిన విదేశీ సెయిలర్లు తప్పు చేస్తే వైజాగ్ పోలీసులు చేతులు కట్టుకుని చూసేవాళ్ళా?

తాగుడు సంగతి తొందరగా ముగిస్తాను. తాగరని చెప్తే మా బ్యాచ్ వాళ్ళే నవ్వుతారు. తాగేవాళ్ళు ఉంటారు, హద్దు మీరేవాళ్ళూ ఉంటారు. 2016 జూన్‌లో ఒకినావాలో ఒక అమెరికన్ నావికురాలు తాగి రాంగ్ రూట్లో కారు నడిపి యాక్సిడెంట్ చేస్తే, జపాన్‌లోని అమెరికన్ నావికులందరికీ కొన్నాళ్ళు మందే బంద్ చేశారు. అమెరికన్ యుద్ధనౌకల మీద మందు 1914 జూలై 1 నుంచే నిషేధం. బ్రిటిష్ నేవీ రోజూ పోసే రమ్ముని 1970 జూలై 31న ఆపేసింది. సంస్థ అంతా తాగుడు కోసమే నడుస్తుంటే ఈ కట్టుబాట్లెందుకు?

ఖర్చు లెక్క ఎక్కడిదో ఫార్వర్డ్ చెప్పదు. సిబ్బంది జీతం వైజాగ్‌లో ఉన్నా మస్కట్‌లో ఉన్నా అంతే. అయితే రేవు బిల్లుల్లో దోపిడీ జరగదా అంటే, జరుగుతుంది. సింగపూర్ కేంద్రంగా నడిచిన లియోనార్డ్ ఫ్రాన్సిస్ అనే కాంట్రాక్టర్ అమెరికన్ నేవీలో సెవెన్త్ ఫ్లీట్ అనే విభాగం ఆఫీసర్లకి విందులూ లంచాలూ ఇచ్చి, ఓడల్ని తనకి అనువైన రేవులకే రప్పించుకుని, మురుగునీళ్ళు తీసినందుకు కూడా దొంగ బిల్లులు వేశాడు. 2013లో పట్టుబడ్డాడు, 3.5 కోట్ల డాలర్లు నొక్కినట్టు ఒప్పుకున్నాడు, మధ్యలో వెనిజులాకి పారిపోయి దొరికాడు, 2024 నవంబరులో 15 ఏళ్ళ శిక్ష పడింది. అడగాలనుకుంటే ఇలాంటివి అడగండి, బిల్లులు ఎవరు చూస్తున్నారని. ఫోన్ కార్డు కొనుక్కున్న కుర్రాణ్ణి కాదు.

చివరికి ఆ ఫొటో. అందులో ఉన్నవాళ్ళు నేవీవాళ్ళే కాదు. ఆరెంజ్ బాయిలర్ సూట్లు, వెనకాల కంటైనర్లు, క్రేన్లు. వాళ్ళు మర్చంట్ నేవీ, సరుకు ఓడల ఉద్యోగులు. సైన్యానికీ వాళ్ళకీ సంబంధం లేదు. షోర్ లీవ్, అంటే రేవులో ఓడ దిగి తిరిగే సెలవు, వాళ్ళకి 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందం ఇచ్చిన హక్కు, మన దేశం కూడా 2015లో దాన్ని ఆమోదించింది. హక్కు ఉన్నా కంటైనర్ ఓడ ఒక్కోసారి ఒక్కరోజు కూడా ఆగదు, గేటు దాటే టైమే ఉండదు. 2020లో కోవిడ్‌కి ఆ కాస్తా పోయింది. ఒక దశలో కాంట్రాక్టు అయిపోయినా దిగలేక ఓడల్లోనే చిక్కుకున్నవాళ్ళు ప్రపంచం మొత్తం మీద 4 లక్షల మంది.

మా తోడల్లుడి కొడుకు వాళ్ళలో ఒకడు. ఇంజిన్ రూమ్‌లో చేస్తాడు. మల్కాజ్‌గిరిలో వాళ్ళమ్మ ఓడలు ఎక్కడున్నాయో చూపించే యాప్ ఒకటి ఫోన్‌లో పెట్టించుకుని, పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి ఆ చుక్క కదిలిందా లేదా చూసేది. ఒకసారి అది రేవులో ఆగి ఉంది. వాడు ఫోన్ చేస్తే “దిగినవా బిడ్డా?” అని అడిగింది. లేదమ్మా, నిచ్చెన దగ్గర గార్డుని పెట్టిన్రు అన్నాడు. గేటు అవతల వేపచెట్టు లాంటిదేదో కనపడుతోంది, అదే చూస్తున్నానన్నాడు.