మూడో అంతస్తులో వరద పాఠం

అక్టోబరు 13 ప్రపంచమంతా విపత్తుల ముప్పు తగ్గించుకునే రోజు. ఆ పేరు మీద మన తిరుపతిలోనూ వృద్ధులకు, దివ్యాంగులకు, గర్భిణులకు, కాలవ గట్ల మీద గుడిసెల వాళ్లకు అవగాహన సదస్సు పెట్టారు. మంచి పని. అది మూడో అంతస్తులో పెట్టడం ఇంకా మంచి పని, వరద అంత ఎత్తుకు రాదు. లిఫ్టు పనిచేయలేదని కొందరు సణిగారు గానీ, ఆపదలో లిఫ్టు ఎక్కకూడదన్న మొదటి పాఠం గేటు దగ్గరే అయిపోయినట్టు కదా! మూడు చక్రాల బండిలో వచ్చినాయన ఆ పాఠంతోనే తృప్తిపడి వాచ్‌మన్ పక్కన ఉండిపోయాడు.

పైన చూపు లేనివాళ్లకు స్లైడ్లు, వినపడనివాళ్లకు మైకు. ఎవరికీ తక్కువ చేయలేదు. టార్చి, మందులు, తడవని కవర్లో కాగితాలు, మూడు రోజులకు సరిపడా తిండి సిద్ధంగా పెట్టుకోవాలన్నారు. ఏ పూట బియ్యం ఆ పూట తెచ్చుకునే ఇళ్లవాళ్లు కరపత్రాన్ని భక్తిగా మడిచి కొంగున కట్టుకున్నారు.

"వరద అంటే ఏమిటో ఎవరైనా చెప్పగలరా?" అని అడిగారు వక్త.

కొర్లగుంట నుంచి వచ్చిన ఒక అవ్వ లేచింది. "కాలవలో నీళ్లు ముందుకు పోకుండా ఎనక్కి తిరిగితే బియ్యం డబ్బా అటకెక్కించాల సార్. కరెంటు మెయిను ఆపేయాల. అది మాకు తెల్సు. మోకాళ్లు లేవు, నన్ను ఎత్తుకుపొయ్యేది ఎవురు? ఆ పేరు చెప్పండి."

"ప్రశ్నలు చివర్లో," అన్నారు వక్త. చివర్లో పులిహోర ఇచ్చారు.

అవ్వది తొందరపాటే అనుకోండి. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగింది, తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్లు ఖాళీ చేయించారు. శ్రీకృష్ణానగర్‌లో అయితే ఒక ఇంట్లో భూమిలో పాతిన సిమెంటు వరల నీళ్ల తొట్టి, నానిన నేల కిందినుంచి తోసేసరికి, నిలువునా పైకి లేచి నిలబడింది. ఆపద వస్తే పైకి పోవాలని దానికి ఏ సదస్సులో నేర్పారో!

రిజిస్టరులో మాత్రం లోటు లేదు. పేరు, ఆధార్, ఫోను, వేలిముద్ర. భోజనాల బిల్లుకు అవి చాలు. 'నడవలేరు', 'ఎత్తుకెళ్లాల్సినవారు' అనే గడులు లేవు. గడి ఉంటే నింపాలి, నింపితే ఎవరో ఒకరు వెళ్లాలి.

దిగేటప్పుడు అవ్వ మెట్టుకొకసారి కూర్చుంటూ కిందికొచ్చి బండాయన దగ్గర ఆగింది. తన పులిహోర పొట్లం విప్పి సగం ఆయన చేతిలో పెట్టింది.

"మీ ఇల్లు యాడ నాయనా?"

"మీ ఎనక వీధే అవ్వా, రేషనంగడి పక్కన."

"వాన పెద్దదైతే మా మనవణ్ని పంపిస్తా. నువ్వు తలుపుకు గడియ పెట్టుకోబాక."

సర్క్యులర్ లేదు, ప్రొజెక్టర్ లేదు, వేదిక మీద దీపం వెలిగించింది లేదు. రెండు నిమిషాల్లో తేల్చేశారు. ఇలాంటి అనధికార ఏర్పాట్లను మొదట్లోనే అదుపు చేయకపోతే వచ్చే ఏడాది సదస్సుకు నిధులు ఏ మొహం పెట్టుకుని అడగాలి?