‘గ్యాసైపోయిందండి’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘గ్యాసైపోయిందండి’ గారి దివ్య సముఖానికి,

పాలకొల్లు నుంచి మీ పాత ఖాతాదారు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, కారు తప్ప. అక్కడ మీరు క్షేమంగానే ఉంటారు. మే నెలలో మీ ఆరోగ్యానికి ఢోకా ఏముంది?

మీరు మనిషి కాదని, ఒక మాట మాత్రమేనని నాకు తెలుసు. కానీ రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా మీకున్న పరపతి ఏ మనిషికీ లేదు. కారు ఏసీ చల్లబడటం లేదంటే చాలు, బానెట్ ఎత్తకముందే మీరు ప్రత్యక్షమవుతారు. ఒకసారి ఫోన్లో “అన్నా, కారు ఏసీ...” అని ఇంకా క్రియ దాకా కూడా రాలేదు, అవతలి నుంచి మీరొచ్చేశారు. పైగా చివర ఆ ‘అండి’ ఒకటి. మా జిల్లాల మర్యాద అది. జేబు కోసేటప్పుడు కూడా ‘కోస్తున్నానండి’ అనే కోస్తాం.

గుండెల్లో మంటగా ఉందని ఎవరైనా అంటే మా వైపు “గ్యాసండి, ఏం పర్లేదు” అంటారు. కారులో వేడిగా ఉందంటే “గ్యాసైపోయిందండి” అంటారు. మనిషికి ఎక్కువైతే రోగం, కారుకి తక్కువైతే రోగం. మనిషిలోంచి తీసి కారులోకి ఎక్కించే గొట్టం ఒకటి ఎవరైనా కనిపెడితే గోదావరి జిల్లాల్లో సగం క్లినిక్కులు, సగం ఏసీ షాపులు మూసుకోవచ్చు.

సరే, అసలు సంగతికొస్తాను.

దాళ్వా (రబీ వరి) కోసి మాసూళ్ళు అవుతున్న రోజులు. కాలువలకి నీళ్ళు కట్టేశారు. గాలిలో తడి ఉంది కానీ గాలి లేదు. నా కారుకి పదేళ్ళు. రోడ్డు మీద అరవై స్పీడులో పోతున్నంతసేపు ఏసీ బాగానే ఉంటుంది. భీమవరం వెళ్ళే దారిలో రైల్వే గేటు పడిందా, రెండు నిమిషాల్లో ధాన్యం ఉడకేసే గాబులో కూర్చున్నట్టే. గేటు తీసి బండి కదిలితే మళ్ళీ చల్లన. మా ఆవిడ రెండో రోజే అంది: “కదిలితే చల్లగా ఉంటోంది, ఆగితే ఉడుకుతోంది. లోపలెవరో విసనకర్ర విసరడం మానేసినట్టున్నారు.” రోగం పేరు ఆమె ఆ రోజే చెప్పేసింది. నేను వినలేదు. ఆమెకి షెడ్డు లేదు కదా.

మొదటి షాపులో కుర్రాడు గాలి వచ్చే జాలీ మీద అరచెయ్యి ఆనించాడు. మూడు సెకన్లు. అంతే, మీరు పలికారు. కంటితో చూసి జ్వరం చెప్పేవాళ్ళని చూశాను గానీ, అరచేత్తో పైపుల్లో ప్రెజర్ చెప్పేవాళ్ళని అప్పుడే చూశాను. గొట్టం తగిలించి గ్యాస్ ఎక్కిస్తూ, “ఇంకాస్త కొట్టమంటారా సార్? వేసవి కదా” అన్నాడు. పెళ్ళి పంక్తిలో నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడినట్టే నిలబడ్డాడు. వద్దంటే బాధపడేలా ఉన్నాడు. వేయమన్నాను. 1,800 రూపాయలు. గోదావరి మర్యాద కారుకి కూడా జరిగింది.

ఆ మారు వడ్డన ఏం చేస్తుందో నాకు తర్వాత తెలిసింది. కారు ఏసీలో పట్టాల్సిన గ్యాస్ ఎంతో గ్రాములతో సహా బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. చిన్న కార్లకి అర కిలోకి అటూ ఇటూ. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లబడదు. గ్యాస్ వేడి వదిలే కండెన్సర్‌లో చోటు చాలక ప్రెజర్ లేస్తుంది, గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్ మూలుగుతుంది, ఇక లాభం లేదనుకున్నప్పుడు ప్రెజర్ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. మనం కూడా అంతే కదా, మూడో పూతరేకు తర్వాత.

వారం తిరక్కుండానే కారు గేటు దగ్గరే కాదు, రోడ్డు మీద కూడా ఉడకడం మొదలుపెట్టింది. రెండో షాపుకి వెళ్ళాను. అక్కడా మీరే! “పాత గ్యాస్ పాడైపోయిందండి” అని కొంచెం వేషం మార్చుకుని వచ్చారు. ఉన్న గ్యాసంతా స్స్‌స్‌మని వీధిలోకి వదిలేశారు. అది ఆర్-134ఎ అనే సరుకు. భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా దిట్ట. ఓజోన్ పొరని తినేస్తోందని అంతకు ముందున్న ఆర్-12 లాంటి వాటిని తగ్గించడానికి 1987లో మాంట్రియల్‌లో చాలా దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకుంటే, దాని చోట్లో వచ్చింది ఇది. నా కారు చల్లబడటానికి తెచ్చుకున్న గ్యాస్‌ని మా వీధి మీదకే వదిలి, దాని ఖరీదు కూడా నా దగ్గరే తీసుకున్నారు. కొత్త గ్యాస్ పట్టేముందు పంపు పెట్టి ఓ అరగంట పైపుల్లో గాలి, తేమ లాగేయాలి. లేకపోతే ఆ తేమ, గ్యాస్ సన్నగా దూరే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుగడ్డ కట్టి దారి మూసేస్తుంది. అప్పడం పావుగంటలో మెత్తబడే ఊరు మాది, పైపులోకి తేమ రావడానికి ముహూర్తం చూసుకుంటుందా? అయినా “అంతసేపు ఎందుకండి, టైమ్ వేస్టు” అన్నారు. సాయంత్రం బండి ఇచ్చారు. ఎండ తగ్గింది, ఇంటికి వెళ్ళే దారంతా చల్లగానే ఉంది. మర్నాడు పన్నెండింటికి గేటు పడింది.

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి. అయిపోయింది, అయిపోయింది అంటారు కదా, ఏమై పోతుందండీ? ఇదేమైనా పెట్రోలా, మండి పోవడానికి? ధవళేశ్వరం దగ్గర వదిలితే పొలాలు తడిపి చివరికి సముద్రంలో కలిసే నీరా? కంప్రెసర్ నొక్కితే వేడెక్కి బయల్దేరుతుంది, ముందున్న కండెన్సర్‌లో వేడి వదిలి ద్రవమవుతుంది, తేమ పీల్చే డ్రయ్యర్ దాటి, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నటి లాకులోంచి కూలింగ్ కాయిల్‌లోకి దూకి ఆవిరవుతుంది. ఆవిరవుతూ మన చుట్టూ ఉన్న వేడి లాక్కుంటుంది. అరుగు మీద మట్టికుండ చెమర్చి నీళ్ళని చల్లబరిచినట్టే. మళ్ళీ కంప్రెసర్‌కే వెళ్తుంది. మూసిన పైపుల్లో గుండ్రంగా తిరిగే గ్యాస్ అది, ఎక్కడా ఖర్చు కాదు. తగ్గిందంటే గండి పడిందన్నమాట. గండి ఎక్కడో చూడకుండా కాలువకి నీళ్ళు వదలమంటే కాలువ కాపలా కాసే లస్కరు కూడా నవ్వుతాడు.

మీరు ఎప్పుడూ అబద్ధమే అని నేననడం లేదు. పాతబడ్డ రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పోతుంది. వాషర్లు ఎండిపోతాయి. కండెన్సర్‌కి రాయి తగులుతుంది. సముద్రం వైపు ఊళ్ళలో ఉప్పుగాలి అల్యూమినియం పైపుల్ని తినేస్తుంది. అలాంటప్పుడు సబ్బు నురగ పెట్టి, నైట్రోజన్ ఎక్కించి, మెరిసే రంగు కలిపి నీలం లైటు వేసి లీకు పట్టుకుని, అది మూశాక గ్యాస్ పట్టాలి. అంటే మీరు రావాల్సింది చివర్లో. మొదట్లో కాదు.

మూడో షాపులో మీరు కుటుంబ సమేతంగా దర్శనమిచ్చారు. “కూలింగ్ కాయిల్ లీకండి, డాష్‌బోర్డ్ మొత్తం విప్పాలండి, పద్నాలుగు వేలండి.” లీకు చూపించమన్నాను. “లోపలుంటుందండి, కనపడదు” అన్నాడు. గర్భగుడిలో దేవుణ్ణయినా కర్పూరం వెలిగించి చూపిస్తారు. మా ఆవిడ కారు దిగి, “ఒకసారి డాష్‌బోర్డ్ విప్పితే ఇక జన్మంతా కిర్రుకిర్రుమంటూనే ఉంటుంది, పదండి” అంది. ఈసారి విన్నాను.

నాలుగో ఆయన నరసాపురం రోడ్డులో, చింతచెట్టు కింద రేకుల షెడ్డు. అరవై దాటి ఉంటాయి. ఏమైందని అడగలేదు. “ఎప్పుడెప్పుడు వేడొస్తుంది?” అని అడిగారు. నాలుగు షాపుల్లో ఆ ప్రశ్న అడిగింది ఆయనొక్కరే. చెప్పాను. అప్పుడు ప్రెజర్ కొలిచే నీలం, ఎరుపు గేజీలు రెండూ తగిలించి, ఇంజన్ ఆన్ చేయించి స్టూలు వేసుక్కూర్చున్నారు. ఎర్ర సూది 200 దగ్గర మొదలై, 250 దాటి, 300 దాటి, ఆగకుండా లేస్తోంది. నీలం సూది కూడా 50 దాటింది. “గ్యాస్ తక్కువైతే రెండు సూదులూ కింద పడుంటాయండి. ఇవి చూడండి, రెండూ పైకెక్కి కూర్చున్నాయి” అన్నారు. కుర్రాణ్ణి పిలిచి బకెట్ నీళ్ళు తెమ్మన్నారు.

చెంబుతో కండెన్సర్ మీద నీళ్ళు పోశారు. చుయ్యిమంది. ఎర్ర సూది గాలి తీసిన బెలూన్‌లా కిందకి జారింది. కారులో కూర్చున్న మా ఆవిడ, “వస్తోంది, వస్తోంది, చల్లగా వస్తోంది!” అని అరిచింది. నీళ్ళు ఆరాయి, సూది మళ్ళీ లేచింది.

ఆయన ఒక చింత పుల్ల విరిచి, గ్రిల్‌లోంచి దూర్చి, ఏసీ ఫ్యాను రెక్కని ఒక్క తోపు తోశారు. కదలకుండా ఉన్న ఫ్యాను నిద్రలో ఉలిక్కిపడ్డట్టు నాలుగు చుట్లు గిరగిరా తిరిగి, మళ్ళీ ఆగిపోయింది. “మోటర్‌లో బ్రష్షులు అరిగిపోయాయండి. రోడ్డు మీద పోతుంటే ఎదురుగాలి దీని పని చేసిపెడుతోంది. ఆగితే చేసేవాడెవడు?” రేడియేటర్‌కి వేరే ఫ్యాను ఉంది కాబట్టి ఇంజన్ వేడెక్కలేదు, నాకు అనుమానమూ రాలేదు.

విసనకర్ర! మా ఆవిడ నన్నేమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువగా ఉంది.

గ్రిల్ తీస్తే కండెన్సర్ సందుల్లో అర దోసెడు తాలు, ఊక, చెరువు గట్ల దీపాల దగ్గర తగిలిన పురుగులు. రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోసిన రోజుల్లో, దాని పక్క నుంచి రోజూ వెళ్ళిన కారు అది. ఆ ఊక కూడా గాలికి అడ్డం పడిందట. అంతా మెల్లగా కడిగారు, గట్టిగా కొడితే రెక్కలు వంగిపోతాయని.

ఇక మీకు సంబంధించిన భాగం. ఉన్న గ్యాస్ మిషన్‌తో వెనక్కి తీసి తూకం వేశారు. స్టిక్కర్ మీద 450 గ్రాములు. తేలింది 610 గ్రాములు. అంటే మీరు ‘అయిపోయింది’ అన్నాక నా కారులో ఉన్న గ్యాస్, ఉండాల్సినదాని కంటే 160 గ్రాములు ఎక్కువ. ఇలా అయిపోయే అదృష్టం నా బ్యాంకు ఖాతాకి కూడా పడితే బాగుండును. ఫ్యాను మోటర్, కడగడం, అరగంట వాక్యూమ్, కొలిచి పట్టిన గ్యాస్, అన్నీ కలిపి 3,700. అంతకుముందు మీ పేరు మీద అయిన ఖర్చు దాదాపు ఇంతే. లెక్క మీకు తెలియాలని రాస్తున్నాను, తిరిగిస్తారని కాదు.

మొన్న ఆదివారం భీమవరం పెళ్ళికి వెళ్తుంటే మళ్ళీ గేటు పడింది. మిట్టమధ్యాహ్నం. ఇద్దరం మాట్లాడకుండా చెవులు రిక్కించాం. ముందు నుంచి గుర్రుమని ఫ్యాను అందుకుంది. గూడ్సు బండి, యాభై పెట్టెలకి తక్కువ లేవు. ముప్పయ్యో పెట్టె దగ్గర మా ఆవిడ పట్టుచీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, “కొంచెం తగ్గించండి” అంది.

ఇట్లు,
ఇకపై మీ ఖాతాదారు కానివాడు

తా.క.: నిన్న మా ఫ్రిజ్ చల్లబడటం లేదని ఫోన్ చేస్తే మీ తమ్ముడు ‘కంప్రెసర్ పోయిందండి’ గారు పలికారు. నేను ఫోన్ పెట్టేసరికి మా ఆవిడ ఊడిపోయిన ప్లగ్గు పెడుతోంది.