సముద్రం పక్కనే ఉంటే వరద రాదా?

వేసవి వానల గురించి విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఒక సందేశాన్ని మిత్రులూ బంధువులూ నాకు పదేపదే పంపుతున్నారు. ఉరుముల వానను ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదని, వాతావరణ శాఖ ఇచ్చే పసుపు, నారింజ హెచ్చరికలు జనాన్ని బెదరగొట్టడానికేనని, ఫోన్‌లోని యాప్ వానకు 20 శాతం అవకాశం చూపితే నిశ్చింతగా బయలుదేరవచ్చని, సెల్‌ఫోన్ ఆపేస్తే పిడుగు పడదని, చుట్టూ కొండలు, పక్కనే సముద్రం ఉన్న మన ఊరికి ఆకస్మిక వరద రానే రాదని, రోడ్డు మీద నీళ్లను ధైర్యంగా దాటవచ్చని అందులో ఉంది. ఈ చివరి మాటను నమ్మి, పిల్లలను స్కూటర్ మీద ఎక్కించుకుని నీళ్లలోకి దిగేవారు ఉంటారన్న భయమే ఇది రాయిస్తోంది.

చేతిలోని ఫోన్ పిడుగును ఆకర్షించదు. దాన్ని ఆపేసి చెట్టు కింద నిలబడిన మనిషికి అణుమాత్రం రక్షణ కూడా ఉండదు. ఇక యాప్ అంకెలు చాలావరకు భూమిని పెద్ద పెద్ద గడులుగా విభజించి లెక్కగట్టే నమూనాల నుంచి వస్తాయి. కొద్ది కిలోమీటర్ల వెడల్పున లేచి, గంటలో కరిగిపోయే మబ్బు ఆ గడులకు చిక్కదు.

ముందుగా చెప్పలేరన్న ఆరోపణలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ, ఎండకు కాగిన నేల, మధ్య భారతం నుంచి దక్షిణానికి సాగే ద్రోణి (గాలి పీడనం తక్కువగా ఉండే పొడవాటి పట్టీ), పైస్థాయి గాలుల తీరు చూసి, రేపు సాయంత్రం ఉరుములకు అనుకూలమా కాదా అన్నది నేడే చెప్పవచ్చు, చెబుతున్నారు కూడా. ఏ పేటలో కురుస్తుందన్నది మాత్రం మబ్బు పుట్టి, వాన మబ్బుల కదలికను పసిగట్టే డాప్లర్ రాడార్‌కు కనిపించాకే తెలుస్తుంది. రాబోయే 3 గంటలకు విడిగా హెచ్చరికలు ఇచ్చేది అందుకే. ప్రకటనలో ‘ఒకటి రెండు చోట్ల’ అన్నారంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడవచ్చని అర్థం. మన వీధి తడవలేదు కాబట్టి అంచనా తప్పిందనడం ఏ న్యాయం? పసుపు రంగు గమనిస్తూ ఉండమని, నారింజ సిద్ధంగా ఉండమని చెబుతాయి. ఎరుపు వచ్చాకే లేస్తామనేవారికి సిద్ధపడే సమయం ఎక్కడ మిగులుతుంది?

ఇప్పుడు అసలు ప్రమాదకరమైన మాట. కొండలు మనల్ని కాపాడతాయట! ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండలు, నడుమ పళ్లెంలా ఊరు. ఆ వాలుల మీద పడిన నీరు ఇంకడానికి వ్యవధి లేకుండా గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి దూకుతుంది. ఆ గెడ్డలనేమో మనమే ఇరుకు చేసి, చెత్తతో నింపి, చుట్టూ కాంక్రీటు పరిచాం. చదరపు కిలోమీటరు మీద 1 మిల్లీమీటరు వాన అంటే 10 లక్షల లీటర్ల నీరు. 5 చదరపు కిలోమీటర్ల వాలు మీద గంటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే 25 కోట్ల లీటర్లు. విచిత్రమేమిటంటే, 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు చేరితేనే దాన్ని భారీ వర్షం అంటారు కాబట్టి, ఆ గంట వాన రోజు లెక్కల్లో మోస్తరు వానగానే నమోదవుతుంది. ఊరిని ముంచేది రోజు మొత్తం కాదు, కురిసే వేగం. సముద్రం ఆ నీటిని క్షణాల్లో తాగేస్తుందనుకునేవారు, పోటు సమయంలో కాలువల నోళ్ల దగ్గర నీరు ఎలా నిలిచిపోతుందో ఒక్కసారి వెళ్లి చూడాలి. జ్ఞానాపురం, చావులమదుం వంటి పల్లపు చోట్ల వాన వెలిసినా, పైనుంచి నీరు దిగుతూనే ఉండవచ్చు. వేగంగా పారే అరడుగు నీరు మనిషిని పడగొడుతుంది, అడుగు నీరు చిన్న కారును జరుపుతుంది, రెండడుగుల నీరు చాలా వాహనాలను లాక్కుపోతుంది. ఇది తెలియనివారు తెలుసుకోవచ్చు. తెలిసీ ‘ధైర్యంగా దాటండి’ అని రాసినవారిని ఏమనాలి?

అయితే ఆ సందేశంలో ఒక వాక్యం నిజం. పడమటి కొండల మీద మబ్బు నల్లగా పొంగితే సాయంత్రానికి వాన ఖాయమని పెద్దలు చెప్పేవారని అందులో రాశారు. పాడేరు, అరకు వైపు తూర్పు కనుమల మీద మధ్యాహ్నం పుట్టిన మబ్బులు పొద్దువాలే వేళకు తీరానికి దిగడం వేసవిలో తరచుగా జరిగేదే. ఖాయం కాకపోయినా, అది పనికొచ్చే గుర్తు.

హెచ్చరికల మీద జనం విసుగుకూ కారణం లేకపోలేదు. భీమిలికీ గాజువాకకూ ఒకే రంగు పూసి పంపితే, తడవనివారు రెండోసారి దాన్ని చదవరు. దీనికి మందు హెచ్చరికను మానేయడం కాదు. గెడ్డల మీద నీటిమట్టాన్ని కొలిచే పరికరాలు, వార్డు వార్డుకూ వర్షమాపకాలు, వంతెన కింద నీరు చేరగానే దారి మూసే ఏర్పాటు కావాలి. వాటి కోసం నగరపాలక సంస్థకు వినతిపత్రం ఎవరైనా రాస్తే, నా సంతకం మొదట ఉంటుంది.