అందరూ సమీక్షకులే

వెబ్‌సైట్ వ్యాసాలు మిగతా భాషల్లోకి తేవాలి, స్వచ్ఛందంగా అనువదించేవాళ్లు కావాలి అని ప్రకటిస్తే జనం రారేమోనని బెంగక్కర్లేదు. వద్దన్నా వస్తారు. 2001లో మొదలైన వికీపీడియా మూడు వందలకు పైగా భాషల్లోకి పాకింది జీతం తీసుకోని జనం వల్లే కదా, మన గుప్పెడు వ్యాసాలెంత అని మేమూ ధీమాగానే ఉన్నాం.

వాట్సాప్ గ్రూపు కిటకిటలాడింది. ఎవరేం చేస్తారో రాయమని గూగుల్ షీటులో రెండు కాలమ్‌లు పెట్టాం: అనువాదం, సమీక్ష. సాయంత్రానికి సమీక్ష కింద పేర్లు బారులు తీరాయి. అనువాదం కింద ఒక్కటంటే ఒక్క పేరు, దాని పక్కన ‘వీలుంటే’ అని. మనవాళ్లకి రాయడం కంటే దిద్దడం మీద మోజెక్కువని నా గట్టి నమ్మకం.

బతిమాలి కొందరిని ఇటు లాగాం. లాగితే అందరూ వెళ్లి మూడే మూడు పేరాలున్న ‘మా గురించి’ పేజీ మీద పడ్డారు. ఒకే భాషలోకి ఐదుగురు చేసి పంపారు. పంపి ఊరుకోకుండా ప్రతివారూ తక్కిన నాలుగూ దిద్దిపెట్టారు. పెద్ద వ్యాసాల ఎదురుగా మాత్రం ‘జరుగుతోంది’ అని ఆకుపచ్చ రంగు, వారాల తరబడి అదే పచ్చదనం.

ఇంతలో సెప్టెంబరు 30 వచ్చింది. అంతర్జాతీయ అనువాద దినోత్సవం, 2017లో ఐక్యరాజ్యసమితి కూడా గుర్తించిన రోజు. గ్రూపంతా పోస్టర్లు, పూలగుత్తులు, చప్పట్లు. సందు చూసి ‘మీ వ్యాసం ఎంతవరకు వచ్చిందండీ?’ అని అడిగాను. వరసగా నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

ఆ రాత్రే ఒకాయన ‘అన్నీ అయిపోయాయి’ అని మెసేజ్ పెట్టారు. అన్నీ అంటే అన్ని వ్యాసాలూ, అన్ని భాషల్లోకీ. ఆయనకు రాని భాషలతో సహా! తెరిచి చూస్తే, పేజీకి పేజీ కాపీ కొట్టి యంత్రానువాదంలో పడేశారు. మెనూలు, బటన్లు, అడుగున కాపీరైటు లైను, దేన్నీ వదల్లేదు. ప్రతి వ్యాసం నడిమధ్యలో, మంచి పట్టులో ఉండగా, ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా?’ అని పాఠకుణ్ణి ప్రతి భాషలోనూ ఆప్యాయంగా పలకరిస్తోంది.

ఇన్నాళ్లూ పనిలేక కూర్చున్న సమీక్షకులకు పండగే. తెల్లవార్లూ దిద్దుతారనుకుంటే, ముందు ఎవరు దిద్దాలన్న దాని మీద రెండు వర్గాలై పోట్లాడుకున్నారు. రాజీ కోసం ఓటింగ్ పెట్టాల్సి వచ్చింది. చెప్పిన పని పూర్తిచేసిన ఏకైక వ్యక్తి కాబట్టి ఆయన్నే సమన్వయకర్తగా ఎన్నుకున్నారు, అదీ భారీ మెజారిటీతో.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆయన దగ్గర్నుంచి మెసేజ్: ‘మీ వాటా ఎంతవరకు వచ్చింది?’

టైమ్ దొరకట్లేదండీ అంటే, ‘అదేంటి, నాకు మొత్తం కలిపి అరగంట పట్టింది’ అంటున్నారు.