చెత్తకి వెళ్లి ఇసుక మోసినట్టు

బీచ్ శుభ్రం చేద్దామని వచ్చినవాళ్లు ఎనిమిదిన్నరకల్లా నడుం పట్టుకుని కూలబడేది చెత్త ఎక్కువై కాదు, ఇసుక వల్ల. అర లీటరు పాల ప్యాకెట్టు ఖాళీగా తూచితే మూడు నాలుగు గ్రాములు. అదే ప్యాకెట్టు విశాఖ ఆర్కే బీచ్‌లో తడి ఇసుక మింగి సగం పాతుకుపోయి ఉంటే, కిలోకి కాస్త అటూ ఇటూ. కొత్త కార్యకర్త దాన్ని దులపడు. దులుపుతూ కూర్చుంటే పక్కవాడి సంచి ముందు నిండిపోతుందని భయం. అలా ఓ పాతిక ప్యాకెట్లు, రెండు ఎడమకాలి చెప్పులు (కుడికాలి చెప్పులు ఏ ఊరి ఒడ్డుకి కొట్టుకుపోతాయో గాని, ఇక్కడ మాత్రం దొరకవు) ఎత్తేసరికి వంద గ్రాముల ప్లాస్టిక్కుకి పాతిక కిలోల ఇసుక తోడవుతుంది.

ఇక సంచి. అందరూ తెచ్చేది పెళ్లిళ్లలో విస్తళ్లు పారేసే పల్చటి నల్ల కవరు. అది అడుగున చిరుగుతుంది, అదీ చప్పుడు చేయకుండా. మోసేవాడికి తెలియదు. బరువు తగ్గుతుంటే ఒంట్లో సత్తువ పెరిగిందనుకుని ఇంకా హుషారుగా నడుస్తాడు. వెనకాల ఇంకో కార్యకర్త ‘అబ్బ, ఈ వరసలో ఎంత చెత్తో!’ అనుకుంటూ ఏరుకుంటూ వస్తాడు. ఒకడు పోసుకుంటూ, ఇంకొకడు ఏరుకుంటూ అర కిలోమీటరు చాలా శ్రద్ధగా పనిచేస్తారు.

కావలసింది పాతిక కిలోల బియ్యం సంచి. అడుగున మేకుతో అయిదారు చిల్లులు పొడిస్తే నీళ్లు దిగుతాయి, వాటితోపాటు కొంత ఇసుకా రాలుతుంది. సగానికి మించి నింపకూడదు. చేతులకి ఆసుపత్రి గ్లవ్స్ వద్దు, పది నిమిషాల్లో లోపల చెమట, ఇసుక కలిసి పిండి వంట తయారవుతుంది. అరచేతికి రబ్బరు పూత ఉన్న నూలు గ్లవ్స్ ఇనుప సామాన్ల కొట్లో దొరుకుతాయి.

తెలివైనవాడు తాపీ పనివాళ్ల ఇసుక జల్లెడ అడిగి తెస్తాడు. ఆలోచన మంచిదే. సిగరెట్ పీకలు, థర్మోకోల్ గుళ్లు, సీసా మూతలు చేత్తో ఏరితే ఈ జన్మకి అయ్యే పని కాదు. కాని అతను తిన్నగా నీటి అంచుకే వెళ్లి జల్లెడ పడతాడు. తడి ఇసుక జారదు, రేకులో ఇడ్లీలా కూర్చుంటుంది. ఎంత ఊపితే అంత గట్టిపడుతుంది. జల్లెడ పనిచేసేది పైన పొడి ఇసుకలోనే.

అసలు నీటి అంచుకి పోవడమే తప్పు. చెత్త ఉండేది కిందటి పోటుకి అల చివరిసారి తాకి వెనక్కి తిరిగిన గీత మీద. ఎండిన నాచు, పుల్లలు, మూతలు, స్ట్రాలు దండ గుచ్చినట్టు అక్కడే వరసగా ఉంటాయి. అయితే ఫొటో బాగా వచ్చేది అలల దగ్గర కదా! అందుకని పోగు కూడా అక్కడే పెడతారు. పెట్టిన పోగుని సముద్రం పట్టుకుపోతుంది. ‘పోయిన ఆదివారం ఇదే టైముకి నీళ్లు ఎంతో లోపలికి ఉన్నాయండీ’ అని ఒకాయన వాపోతాడు. ఉంటాయి మరి. ఆటుపోట్లు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. వారం తిరిగేసరికి ఆరు గంటల తేడా. అప్పుడు ఆటు ఉన్న వేళకి ఇప్పుడు పోటు.

సెప్టెంబరు మూడో శనివారం ప్రపంచమంతా తీరాలు శుభ్రం చేసే రోజు. 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో మొదలుపెట్టారు. మనకది వినాయక నిమజ్జనాలకి అటో ఇటో వస్తుంది కాబట్టి ఇసుకలో ఇనుప చువ్వలుంటాయి, బూట్లు తప్పనిసరి. బట్టలూ ఉంటాయి. బెత్తెడు ఎర్రగుడ్డ కనిపిస్తే లాగుతారు. మూరెడు వస్తుంది. ఇంకా లాగుతారు. మిగతా అయిదు గజాల మీద ఎన్ని బుట్టల ఇసుక కూర్చుందో పైకి కనిపించదు. చివరికి గుడ్డ చినుగుతుంది, లాగినవాడు వెల్లకిలా పడతాడు. పక్కనుంచి పారతో తవ్వాలి తప్ప లాగకూడదు. ఆ తవ్వడం కూడా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వద్దు.

ఈ లాగుడు జబ్బు ముదిరితే తాడు దాకా వస్తుంది. ఒడ్డున లావుపాటి తాడొకటి ఇసుకలోంచి బయల్దేరి సముద్రంలోకి పోతుంటుంది. ‘ఇంత పెద్ద చెత్త!’ అని ఒకడు పట్టుకుంటాడు. పది మంది కలుస్తారు. హైలెస్సా మొదలవుతుంది. అరగంట లాగినా తాడు తెగదు, తరగదు.

అది అలివి వల తాడు. పడవ మీద వలని అర్ధచంద్రాకారంలో సముద్రంలో వదిలి, రెండు కొసల తాళ్లనీ ఒడ్డున రెండు జట్లు లాగుతాయి. అవతలి తాడు దగ్గర జట్టు నిండుగా ఉంది. ఇవతలి జట్టు టీకి వెళ్లింది. టీ తాగొచ్చిన పెద్దాయన గట్టు మీద చతికిలబడి, చుట్ట వెలిగించి, తీరుబడిగా చూస్తున్నాడు.

‘ఇది మీదా తాతా? చెత్త అనుకున్నాం!’

‘సెత్తో సెదారమో, ఒగ్గేయకండి బాబూ. బిగించి లాగండి.’

మధ్యలో వదిలేస్తే వల ఓ పక్కకి ఒరిగి చేప జారిపోతుందట. కాబట్టి లాగారు. ఇంకో గంట. వల సంచి ఒడ్డెక్కాక చూస్తే అడుగున నెత్తళ్లు, కవళ్లు, వాటి మధ్య చుట్టుకుని బోలెడు ప్లాస్టిక్ కవర్లు. పెద్దాయన వంగి ఒక్కొక్క కవరూ విదిలించి పక్కన పెట్టాడు.

‘సేపలు మావి, కవర్లు మీవి.’

ఆ పూట చెత్త తూచే కొక్కెం కాటాకి ఎక్కిన వాటిలో ఇసుక లేని చెత్త ఆ కవర్లొక్కటే.