జిరాక్స్ చెల్లదు బాబూ!

బర్త్ సర్టిఫికెట్ నుంచి పొలం కాగితాల దాకా ఏ పని మీద ఆఫీసు మెట్లెక్కినా ఒకటే మాట: ‘జిరాక్స్ చెల్లదు, ఒరిజినల్ తీసుకురండి’. జనం దగ్గర ఇంత నిక్కచ్చిగా ఉండే వ్యవస్థ, రాజ్యాంగం దగ్గరికి వచ్చేసరికి ఎందుకింత ఉదారంగా మారిపోయింది?

బెజవాడ నగరంలోని ఒక ప్రదర్శనలో గాజు పెట్టెలో రాజ్యాంగ ప్రతిని ఉంచి, పక్కన ‘అసలు ప్రతి’ అని కార్డు పెట్టారు. గుంటూరు నుంచి బస్సులో వచ్చిన బడిపిల్లలు ఆ రెండు మాటలూ బుద్ధిగా నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నారు. అసలు ప్రతి ఢిల్లీలో పార్లమెంటు గ్రంథాలయంలో, నైట్రోజన్ నింపిన పెట్టెలో ఉంది. ఇక్కడున్నది నకలు. పిల్లల్లో స్ఫూర్తి నింపాలనే అలా రాశామని నిర్వాహకులు అంటున్నారు. స్ఫూర్తికి అబద్ధం దేనికి?

నకలైతే నామోషీ ఏమీ లేదు. చేతిరాత ప్రతి నుంచి డెహ్రాడూన్‌లోని సర్వే ఆఫ్ ఇండియా అచ్చు వేసిన వెయ్యి ప్రతులూ నకళ్లే. మంచి నకలులోనూ నందలాల్ బోస్ బృందం వేసిన బొమ్మలు కనిపిస్తాయి. నెహ్రూ సంతకం పైన, మిగిలిన ఇరుకు జాగాలో బాబూ రాజేంద్రప్రసాద్ వాలుగా పెట్టిన సంతకమూ కనిపిస్తుంది. 1950 జనవరి 24న సంతకాలు చేసినవారిలో మన దుర్గాబాయి ఎక్కడున్నారో వెతకమంటే పిల్లలు గంటసేపు ఆ పెట్టె వదలరు. ఇంగ్లీషు ప్రతిని అందమైన చేతిరాతలో రాసిన ప్రేమ్ బిహారీ నారాయణ్ రైజాదా పైసా పుచ్చుకోలేదు, ప్రతి పేజీలో తన పేరుంటే చాలన్నారు. ఆ కార్డు రాసినవారి పేరు మాత్రం ఎక్కడా లేదు!

ఇవాళ దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తే రేపు ఇంకోటి. 1921లో ఇదే బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి చూపించిన జెండా ఇదేనని ఓ కొత్త ఖాదీ గుడ్డను వేలాడదీస్తారు. ఎల్లుండి కోస్తా, రాయలసీమ నేతలు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక అసలు కాగితమంటూ టీ నీళ్లలో ముంచి తీసిన ఠావు పెడతారు. నకలును అసలని ఒకసారి ఒప్పుకుంటే, రేపు నిజంగా అసలుది తెచ్చి పెట్టినా నమ్మేదెవరు?

కార్డు మార్చడానికి కమిటీ అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. ‘ఇది నకలు’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో ఇవాళే రాసి పెట్టండి. ఆ బడికి కూడా ఓ ఉత్తరం రాయండి, పిల్లలు నోటుబుక్కుల్లో దిద్దుకుంటారు. పెద్దల తప్పు పిల్లలు దిద్దుకోవాల్సి రావడం ఎంత సిగ్గుచేటో ఆ ఉత్తరం రాసేటప్పుడైనా మీకు తెలిసొస్తుంది.